తిరుగుటపా

కూతురు లోపలికి వెళ్ళాక తలుపు దానంతటదే మెల్లగా మూసుకుంది. ఈ ఆస్పత్రిలో తలుపులకి చప్పుడే లేదు, ఎవరు వెళ్ళారో ఎవరు వచ్చారో పైకి తెలియనివ్వని తలుపులు. చంకలో మనవరాలు అటువైపు చెయ్యి చాచి "మ్మ" అంది. "వచ్చేస్తుందమ్మా, మీ అమ్మ ఇప్పుడే వచ్చేస్తుంది" అంటూ ఆమె కారిడార్లో ఈ చివరి నుంచి ఆ చివరికి నడవడం మొదలుపెట్టింది. కూర్చుంటే పిల్ల ఏడుస్తుందని నర్సుతో చెప్పింది గానీ, పిల్లకేం, ఎక్కడ కూర్చోబెడితే అక్కడ ఆడుకునే రకం, కూర్చోలేనిది తనే. గోడ వెంబడి వరసగా కుర్చీలు, వాటికెదురుగా చేపల తొట్టి. తొట్టిలో ఒక్క చేప మాత్రం ఏదో పనున్నదానిలా హడావిడిగా తిరుగుతోంది, మిగతావి ఊరికే నోళ్ళు తెరుస్తూ మూస్తూ నిలబడి ఉన్నాయి. "అదిగో, చేప" అని పిల్లకి చూపించింది. చూపిస్తూనే, హ్యాండ్‌బ్రేక్ అంటానా, అనుకుంది. కన్నకూతురు బండి ఆపి, తాళం తీసి, స్టీరింగు మీంచి రెండు చేతులూ తియ్యకుండా, "అమ్మా, ఒక్కటి అడుగుతాను, నేను చేస్తున్నది తప్పా?" అంటే, "హ్యాండ్‌బ్రేక్ వేశావా?" అన్నాను. అదీ ఇంత వయసొచ్చి నా నోట్లోంచి ఊడిపడిన మాట. అది మారు మాట్లాడకుండా వేసింది, వేసి, చూడు అన్నట్టు చూపించి దిగింది. చూపించడమెందుకు? నేనేమైనా పరీక్ష పెట్టానా దానికి?

పరీక్షే పెడుతున్నాను కాబోలు. డ్రైవింగ్ స్కూల్లో నేర్పడం ఆమె పని, సగం జీవితం పక్క సీట్లోనే గడిచింది. స్కూలు కార్లలో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాళ్ళు కంగారుపడితే నేర్పేవాళ్ళు నొక్కడానికి. దాన్ని నొక్కితే ఎవరికీ నచ్చదు. ఎంత పెద్దమనిషైనా సరే, బండి తను ఆపకుండా ఆగిపోతే మొహం ఎర్రబడుతుంది, నేనే ఆపేవాణ్ణి మేడం, అంటారు. అందుకే ఆమె సాధ్యమైనంతవరకూ నొక్కదు, కాలు దాని మీద పెట్టి ఊపిరి బిగబట్టి ఊరుకుంటుంది, ఆ ఊరుకోవడమే తన విద్య అని కొత్తగా చేరిన టీచర్లకి చెబుతుంది కూడా. ఇవాళ పొద్దున్న కూతురి బండిలో వస్తుంటే మలుపు మలుపుకీ ఆమె కుడికాలు నేలని తొక్కుతూనే ఉంది. వెనక సీట్లో పిల్ల నిద్రపోతోంది, సిగ్నల్ పచ్చగానే ఉంది, ముందు ఏ బండీ లేదు, అయినా తొక్కింది. "అమ్మా, అక్కడ బ్రేకు లేదు" అంది కూతురు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. తమాషాకి అన్నదో మందలించిందో తెలియలేదు. నాకేం కోపం లేదు, అనుకుందామె అప్పుడు. పిల్లకి టోపీ పెడుతూ లాగి కట్టేసరికి అది కెవ్వుమంది, అప్పుడు కూడా, నాకేం కోపం, అనుకుంది.

కూతురు మొదటిసారి చెప్పిన రోజు మాత్రం కోపం రాలేదు, ఒట్టు. మధ్యాహ్నం స్కూలుకే వచ్చింది, ఖాళీగా నిలబెట్టిన కారులో నేర్చుకునేవాళ్ళ సీట్లో కూర్చుని, నెల తప్పిందమ్మా, అంది. ఆమె మొహం వికసించబోయి మధ్యలో ఆగింది. కూతురి గోళ్ళ సందుల్లో తెల్లగా సున్నపు పొడి ఉంది. కృత్రిమ కాళ్ళు తయారుచేసే చోట పని దానిది, మనిషి తెగిన కాలికి సున్నపు పిండితో అచ్చు తీసి, ఆ అచ్చుకి తగినట్టు కాలు చెక్కి, తొడిగి, నడిపించి పంపుతుంది. పిల్ల పుట్టాక చాన్నాళ్ళు మానేసి ఈ మధ్యే మళ్ళీ చేరింది. చేరిన రోజు ఫోన్ చేసి, "ఇవాళ ఒకాయన నా కాలేసుకుని గుమ్మం దాటాడమ్మా" అని చెబుతుంటే ఆ గొంతు విని, హమ్మయ్య, నా పిల్ల నాకు తిరిగొచ్చింది అనుకుంది. ఎక్కణ్ణించి తిరిగొచ్చిందో ఆమెకి తెలుసు. బాలింతగా ఉన్నప్పుడు ఒక సాయంత్రం చెప్పకుండా కూతురింటికి వెళ్తే, లోపల పసిది గుక్కపెట్టి ఏడుస్తోంది, ఇది బయట మెట్ల మీద కూర్చుని రెండు చెవులూ మూసుకుని ఉంది. ఏమైందే అంటే, "లోపలికి వెళ్తే ఏం చేస్తానో నాకే తెలీదమ్మా, అందుకని ఇక్కడ కూర్చున్నాను" అంది, ఎంతో మామూలుగా, చల్లగా ఉందని కిటికీ వేశాను అన్నంత మామూలుగా. ఆ తర్వాత మందులు, డాక్టర్లు, ఆమె ఆ ఇంట్లోనే ఉండిపోవడం, అల్లుడు రాత్రిళ్ళు పిల్లని భుజానేసుకుని తిరగడం. మంచివాడే. ఇప్పుడు ఈ కడుపు వద్దనుకుంటున్నానని చెబితే "నీ ఇష్టం" అన్నాడట. ఆ మాట గౌరవమో తప్పుకోవడమో ఆమెకి ఎన్నిసార్లు తిప్పి చూసినా అంతుపట్టలేదు. నీ ఇష్టం అంటే నీ తోడున్నానని అర్థమా, నాకు సంబంధం లేదని అర్థమా? అలా అనుకుని మళ్ళీ తన మీద తనే విసుక్కుంది. అతను ఆ రెండు మాటలైనా అన్నాడు, నువ్వేమన్నావ్, హ్యాండ్‌బ్రేక్.

అయినా ఈ ప్రశ్న నన్నెలా అడిగిందే ఇది? ఇంకెవర్నైనా అడగొచ్చు. నా పేరేమిటో దీనికి తెలియదా? పుట్టింట్లో ఆమెని తిరుగుటపా అంటారు. అన్న పెట్టిన పేరు. అసలు కథ ఇంట్లో అందరికీ కంఠతా. ముగ్గురు పిల్లలయ్యాక అమ్మకి నాలుగోది వచ్చింది, ఇంక చాలనుకుంది, తీయించుకుందామని బస్సెక్కి పెద్దాస్పత్రికి వెళ్ళింది, వెళితే ఆ రోజు డాక్టరమ్మ లేదు, వాళ్ళ చెల్లెలి పెళ్ళని సెలవు పెట్టింది. మళ్ళీ వెళ్దాం మళ్ళీ వెళ్దాం అనుకుంటూనే నెలలు మీదికొచ్చాయి. అలా, చిరునామాలో మనిషి లేక తిరిగొచ్చిన ఉత్తరంలాగా నువ్వు ఇంటికొచ్చేశావే, అనేవాడు అన్న. నలుగురూ కూడినప్పుడల్లా ఈ కథ రావలసిందే, అందరూ పడీ పడీ నవ్వవలసిందే, ఆ డాక్టరమ్మ చెల్లెలు ఎక్కడుందో గానీ దానికి నువ్వు చీర పెట్టాలే అని పెద్దక్క అనవలసిందే. అందరికంటే ఎక్కువ ఆమే నవ్వేది. అమ్మ మాత్రం "చాల్లే, ఇక ఆపండి" అంటూ లేచి లోపలికి వెళ్ళిపోయేది. ఆమె నవ్వుతూనే ఒక్కటి ఆలోచించేది, ఎవరికీ చెప్పలేదు. ఆ బస్సులో నేనున్నానా? టిక్కెట్టు లేకుండా, సీటు లేకుండా, అమ్మ ఒళ్ళో కాదు, అమ్మ లోపల, చిటికెన వేలి గోరంత. వెళ్ళేటప్పుడు ఉన్నానా, లేక వచ్చేటప్పుడు మాత్రమే ఉన్నానా? ఆ చెల్లెలి పెళ్ళి మర్నాడైతే ఈ చంకలో పిల్ల లేదు, ఆ తలుపు వెనక పిల్ల లేదు, వీళ్ళు లేరని ఏడవడానికి నేనూ లేను. లేనిదానికి బాధేముంది అంటారు. అవును, ఏముంది? కానీ ఉన్నాక ఆ మాట వింటే వెన్నులో ఏదో పాకుతుందే, దాన్నేమంటారు?

"పాప భలే ఉందండీ, మీ మనవరాలా?" అందొకావిడ కుర్చీలోంచి. నిండు గర్భిణి, కాళ్ళు బాగా వాచి ఉన్నాయి, చెప్పులు విప్పి పక్కన పెట్టుకుంది. పిల్ల ఆవిడ మెళ్ళో గొలుసు కోసం వంగింది, తప్పనిసరిగా ఆమె పక్కన కూర్చోవలసి వచ్చింది. "అమ్మాయిని చూపించడానికి వచ్చారా?" అని అడిగితే, "ఆఁ, ఊరికే, చెకప్" అంది. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో. ఆవిడ పిల్ల వేళ్ళతో ఆడుకుంటూ, ఇది నాకు మూడోదండీ, అంది. ఆమె పెద్దపిల్లలిద్దర్నీ ఎక్కడ వదిలొచ్చారని అడిగింది. "లేరు. రెండూ మూడో నెలలోనే పోయాయి" అని, గొంతు తగ్గించి, "పేర్లు కూడా పెట్టుకున్నాను. మా ఆయనకి కూడా చెప్పలేదు, నవ్వుతారని. మీరెవరో తెలీదు గనక మీకు చెబుతున్నాను" అంది. ఆమె నవ్వలేదు. ఏ పేర్లని అడగలేదు. ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది, ఆ చెయ్యి తనకే బరువుగా అనిపించింది, లోపల నా కూతురు ఏం చేయించుకుంటోందో తెలిస్తే ఈవిడ ఈ చేతిని ఇలాగే ఉండనిస్తుందా అనుకుని మెల్లగా తీసేసుకుంది. ఆవిడ్ని లోపలికి పిలిచారు. చెప్పుల్లో కాళ్ళు పట్టక తంటాలు పడుతూ, పిల్ల బుగ్గ గిల్లి వెళ్ళింది.

మళ్ళీ లేచింది. ఆవిడవి మూడో నెలలో పోయాయి, వాటికి పేర్లున్నాయి. లోపలున్నదానికి రెండో నెల, పేరు లేదు, దాన్ని పోనివ్వమని మేమే వచ్చాం. తేడా ఒక నెలా? పేరా? పేరు పెట్టి ఎదురుచూస్తే మనిషి, చూడకపోతే కాదా? అలా అయితే నా కోసం ఎవరు ఎదురుచూశారని! నేను పుట్టేదాకా ఎవరూ కాదు, పుట్టాక జాలిపడి మనిషిని చేశారా? ఒళ్ళు మండింది ఆమెకి, ఎవరి మీదో తెలియలేదు. పోనీ, ఎదురుచూపుతో పని లేదు, అది అప్పటికే మనిషే అనుకో, అయితే నా కూతురు ఏమవుతుంది? ఆ మాట అనుకోవడానికి ఆమె మనసు ఒప్పుకోలేదు, రోడ్డు మీద గుంట చూసి బండి పక్కకి తిప్పినట్టు తిప్పేసింది. కూతురు ఇదే పిల్ల కడుపులో ఉన్నప్పటి స్కాన్ బొమ్మ తెచ్చి ఫ్రిజ్ మీద అంటించిన రోజు గుర్తొచ్చింది, నల్లటి కాయితంలో గింజంత మచ్చ. "ఇదిగో నా పిల్ల" అంది అప్పుడు. తనూ కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ముక్కు మనదేనే" అంది, ముక్కు కాదుగదా ఏమీ లేదక్కడ. ఈసారి బొమ్మ ఎవరూ అడగలేదు, వాళ్ళూ ఇవ్వలేదు. ఆ మచ్చా ఈ మచ్చా ఒకటే గదా, ఒకదానికి ముక్కుందన్నాను, ఒకదానికి కళ్ళు మూసుకున్నాను. వెనక ఎల్ బోర్డు కట్టుకుని నేర్చుకుంటున్నవాణ్ణి డ్రైవరు అనాలా వద్దా అని స్కూల్లో టీచర్లు టీ తాగుతూ వాదించుకునేవారు, నవ్వులాటకి. ఇంకా కాలేదు అని ఒకరు, రోడ్డు మీదికొచ్చాక కానిదేముంది అని ఒకరు. టీ అయిపోయేది, వాదన అయ్యేది కాదు. మరోవైపు ఆ మెట్లు. చెవులు మూసుకున్న నా పిల్ల. దానికి పేరుంది, ముక్కుంది, నిజంగానే మా ముక్కే, దాన్ని నేను తొమ్మిది నెలలు కాదు, ఇన్నేళ్ళు మోశాను. మళ్ళీ ఆ మెట్ల మీద కూర్చోమని ఏ నోటితో చెప్పను? చెప్పలేదు. కూర్చోవద్దనీ చెప్పలేదు. పిల్ల ఆమె జుట్టు పట్టి లాగింది. చేప ఇంకా తిరుగుతూనే ఉంది.

ఫోన్ మోగింది. అమ్మ. రోజూ ఈ వేళకి చేస్తుంది, కాళ్ళ నొప్పులూ పక్కింటి వాళ్ళ గొడవలూ చెప్పి పెట్టేస్తుంది. ఎత్తకపోతే మళ్ళీ మళ్ళీ చేస్తుంది. ఎత్తింది.

"పిల్ల గొంతు వినిపిస్తోందేంటే? స్కూలుకి వెళ్ళలేదా?"

"లేదమ్మా. ఆస్పత్రిలో ఉన్నాం."

"ఎవరికేమైంది?"

ఏమీ లేదు, ఊరికే, చెకప్. మాట నాలుక చివరి దాకా వచ్చింది. రెండోసారి అంత సులువుగా రాలేదు. చెప్పేసింది, రెండు ముక్కల్లో, కిటికీ వైపు తిరిగి, గొంతు నొక్కుకుని.

"నువ్వేమన్నావు దానితో?"

"ఏమీ అనలేదు."

"అడిగిందా?"

"అడిగింది. ఏమనమంటావమ్మా? నేనెలా వచ్చానో నీకు తెలుసుగా. వద్దంటే అది చచ్చిపోతుందేమోనని భయం, సరేనంటే నన్ను నేనే..." మాట పూర్తి కాలేదు. "ఆ రోజు డాక్టరమ్మ ఉండుంటే చేయించుకునేదానివేగా నువ్వు?"

ఇన్నేళ్ళలో ఎన్నడూ అడగని మాట. నవ్వుల మధ్యలో కూడా అడగలేదు.

"చేయించుకునేదాన్ని" అంది అమ్మ. ఆలోచించుకోలేదు, సర్దుకోలేదు. "తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఏడ్చుకుంటూ వచ్చాను. దక్కావని కాదు, పని కాలేదని. నువ్వు పుట్టాక నిన్ను చూసి మళ్ళీ ఏడ్చాను, అదెందుకో నీకు చెప్పక్కర్లేదు." తర్వాత అమ్మ గొంతు తగ్గింది, ఇంట్లో ఎవరూ లేకపోయినా. "మీకెవరికీ చెప్పలేదు. నీకు అయిదో ఏడప్పుడు మళ్ళీ వచ్చింది నాకు. మళ్ళీ వెళ్ళాను. ఆ రోజు డాక్టరమ్మ ఉంది."

పిల్ల ఫోన్ లాక్కోబోయింది. ఆమె ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

"బాధపడ్డావా?"

"పడ్డాను. ఆ రాత్రి హాయిగా నిద్ర కూడా పట్టింది. రెండూ నిజమే. ఒకటి చెబితే రెండోది అబద్ధమనుకుంటారని ఎవరికీ ఏదీ చెప్పలేదు." ఆ వెంటనే, "అది బయటికొచ్చాక నాకు ఫోన్ కలిపి దాని చేతికివ్వు. నీకు చేతకాదు" అని పెట్టేసింది.

అయిదో ఏడు. గోడ వైపు తిరిగి పడుకున్న అమ్మ వీపు. దుప్పటి మీద ఎండపొడ. అమ్మకి జ్వరం, గొడవ చెయ్యకు అని పెద్దక్క గదమాయించడం. అదంతా ఉంది ఆమె దగ్గర, ఎప్పట్నుంచో ఉంది, దేనికి చెందిందో తెలియక ఒక మూల పడి ఉంది. ఆ వేసవిలోనే గదా అమ్మ సైకిల్ నేర్పింది. పుస్తకాలు కుట్టే ప్రెస్సులో పని చేసి వచ్చి, వేళ్ళకి అంటిన జిగురు కడుక్కోకుండానే, పద పద అని వీధిలోకి తీసుకెళ్ళేది, సీటు పట్టుకుని వెనకే పరిగెత్తేది, వదలకు వదలకు అని తను అరుస్తుంటే, వదల్లేదే వదల్లేదే అని ఎప్పుడో వదిలేసి దూరంగా నిలబడి నవ్వేది. అన్నకీ అక్కలకీ అమ్మ ఏదీ నేర్పలేదు, తీరికేదీ, ఒకరి వెనక ఒకరు చంకలో ఉండేవాళ్ళు. మా ముగ్గురికీ అమ్మ లేదే, నీ ఒక్కదానికే దొరికింది అని పెద్దక్క ఎన్నోసార్లు దెప్పింది. ఆ సాయంత్రాల వల్లే సైకిలు, సైకిలు వల్లే కారు, కారు వల్లే ఈ బతుకు. ఆ చంక ఎందుకు ఖాళీగా ఉందో ఎవరూ అడగలేదు. ఇంకొకరు ఉండవలసిన చోట నేను ఇన్నాళ్ళూ సైకిలు తొక్కానన్నమాట. తమ్ముడో చెల్లెలో. వాళ్ళ కోసం ఇప్పుడు ఏడవాలా? ఏడుద్దామని చూసింది, రాలేదు. సిగ్గుపడదామని చూసింది, ఆ సాయంత్రాలు ఎంత బాగుండేవో గుర్తొచ్చింది గానీ సిగ్గు రాలేదు. మనవరాల్ని మరీ గట్టిగా పట్టుకున్నట్టుంది, అది విదిలించుకుంది.

నర్సు వచ్చి, రావచ్చండీ, అంది. చిన్న గది, కిటికీ పక్కన మంచం, మంచం మీద కూతురు కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఉంది. మొహం పాలిపోయింది, పెదాలు ఎండిపోయాయి, అంతకుమించి ఏమీ కనిపించలేదు. ఏం కనిపిస్తుందనుకుందో మరి. పిల్ల కేరింతలు కొడుతూ తల్లి మీదికి దూకబోయింది. కూతురు చేతులు చాపి, నొప్పికి మొహం చిట్లించి, "కాసేపాగి తీసుకుంటానే బంగారం" అంది పిల్లతో. తర్వాత తల్లి వంక చూసింది. అడగలేదు. ఒకసారి అడిగింది, చాలు అన్నట్టుంది. ఆమె ఫోన్ కలిపి, "అమ్మమ్మ. నీతో మాట్లాడాలంటోంది" అని చేతికిచ్చి, పిల్లతో కిటికీ దగ్గరికి తప్పుకుంది.

కింద ఎవరో బండి వెనక్కి తియ్యలేక అవస్థపడుతున్నారు. వెనక కూతురు గొంతు: ఊఁ... ఊఁ... తర్వాత, "నిజంగానా అమ్మమ్మా?" అంది, చిన్నపిల్లలా. ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆ మాటలు ఆగిపోతాయని భయం. పిల్ల అద్దం మీద అరచేత్తో కొట్టింది, అద్దం మీద తేమ అచ్చు పడింది, పడి కరిగిపోయింది, పిల్ల మళ్ళీ కొట్టింది.

"అమ్మా, అమ్మమ్మ నీకివ్వమంటోంది" అని పిలిచింది కూతురు. కళ్ళు తడిగా ఉన్నాయి. ఫోన్ అందిస్తూ, "ఏడుస్తోంది" అంది మెల్లగా.

"చెప్పమ్మా."

అవతల అమ్మ ముక్కు చీదుకుంది. "నీకు నా మీద కోపమా?"

ఛ, అదేం మాట, అనబోయింది. నలుగురిలో అందరికంటే గట్టిగా నవ్వినవి అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. "ఉందమ్మా" అంది. "ఉన్నట్టే ఉంది."

"ఉండనీ" అంది అమ్మ. "ఉండాల్సిందే. నా మీదే ఉంచుకో. దాని మీద పెట్టకు."

ఫోన్ పెట్టేసింది. పిల్లని మంచం మీద దిండుకి ఆనించి కూర్చోబెట్టి, కూతురి పక్కన చోటు చేసుకుంది. కూతురి చేతుల్లో ఇంకా ఆ సున్నపు వాసన ఉంది, ఎంత కడిగినా పోదట.

"నాకు నీ మీద కోపం వచ్చిందే" అంది. "పొద్దుటి నుంచీ."

"తెలుసు."

"అది తప్పో కాదో నాకు తెలీదు. ఇవాళ ఎంత ఆలోచించినా తేలలేదు. రేపు తేలుతుందనీ చెప్పలేను."

కూతురు తలూపింది. "కోపం తగ్గిందా?"

"లేదు."

"సరే" అంది కూతురు. కాళ్ళు మెల్లగా మంచం మీదికి తీసుకుని, తల ఆమె ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "తగ్గేదాకా ఇక్కడే ఉండు."

ఆమె ఉంది.